కాణిపాకంలో నేను చెయ్యని ప్రమాణం

ఇది రాస్తున్నది ఎవరో పట్టుకోవాలని చూడకండి. తిరుపతిలో నాలాంటి పని చేసేవాళ్లు వీధికొకరు ఉన్నారు. పేర్లు కూడా మార్చేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, ఆ ధైర్యంతోనే మొదలుపెడుతున్నాను. ఇన్నేళ్లుగా ఒక తప్పు నా గుండెల మీద ఎక్కి కూర్చుంది. మొదట్లో అప్పుడప్పుడు గుర్తొచ్చేది. రాను రాను అది గుర్తురాని రోజే లేకుండా పోయింది. అన్నం ముందు కూర్చున్నా, పనిచ్చే కొత్త పార్టీతో మాట్లాడుతున్నా, ఎవరైనా నా వంక ఒక్క క్షణం ఎక్కువసేపు చూసినా, వీడికి తెలిసిపోయిందేమో అని లోపల ఒకటే గుబులు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకంగా తయారయ్యాను.

ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. నేను మొదటినుంచీ అనుమానం మనిషిని. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చి తాళం లాగి చూస్తాను. 'నువ్వు దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు కూడా ఒక కన్ను చెప్పుల మీదే ఉంటాది' అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. ఉంటుంది మరి. తిరుపతిలో చెప్పులు పోతాయి. జాగ్రత్తకూ అనుమానానికీ మధ్య గీత ఎక్కడుందో నాకు ఎప్పుడూ తెలియలేదు. తెలిసి ఉంటే ఈ రాత అవసరం ఉండేది కాదు.

నా పని చిన్న చిన్న వ్యాపారాలవాళ్లకు వెబ్‌సైట్లు చేసి పెట్టడం. ఎవరైనా ఫోనులో వెతికితే ముందుగా వీళ్ల పేరే కంటబడేట్టు, మ్యాపులో వీళ్ల చోటు తేలిగ్గా దొరికేట్టు చూడడం. ఫోటోస్టాట్ అంగడి పైన చిన్న గది, అదే ఆఫీసు. చంద్రగిరి వైపు మామిడి అంట్లు అమ్మే నర్సరీ ఆయన, కార్లు బాడుగకు తిప్పేవాళ్లు, ఒక సంగటి మెస్సు, యాత్రికులకు ఇంటి మిద్దె మీద రూములిచ్చేవాళ్లు, వీళ్లే నా పార్టీలు. ఎవరికీ వాళ్ల పాస్‌వర్డ్ తెలియదు. చెప్పబోయినా వద్దంటారు. 'నీ దగ్గరే ఉండనీప్పా, మాకెందుకు ఆ గోలంతా' అంటారు. ఇంటి తాళంచెవి ఎదురింటివాళ్లకు ఇచ్చి ఊరికి పోయినంత నమ్మకంగా వదిలేస్తారు. అందుకే మా పనిలో ఒక లెక్క ఉంది. పార్టీ ఎప్పుడైనా పాస్‌వర్డ్ అడిగితే, ఆ పార్టీ మన చెయ్యి వదిలి ఇంకొకడి దగ్గరికి పోతున్నట్టే.

అలా అడిగినావిడ సుగుణక్క.

సుగుణక్కది బస్టాండు వెనక వీధి. భర్త బస్సు కండక్టరుగా పనిచేస్తూ చనిపోయాడు. పిల్లలు లేరు. మిద్దె మీద కట్టిన రూములే ఆమెకు తిండీ బట్టా. పక్కిల్లు ఆమె తోడికోడలు మునిరత్నమ్మది, అంటే భర్త అన్నగారి భార్య. ఒకప్పుడు రెండూ కలిసి ఒకటే ఇల్లు. భాగాలు పంచుకున్నప్పుడు మధ్యలో గోడ కట్టారు కానీ, గోడలో ఒక వాకిలి వదిలిపెట్టారు. ఆ వాకిలి తలుపు మూసి ఉండగా నేను చూడలేదు. ఈ ఇంట్లో చారు కాగితే ఆ ఇంట్లోకి గిన్నె పోయేది. ఈమె రూములు నిండితే వచ్చినవాళ్లను ఆ వాకిలి గుండానే అక్క మిద్దె మీది రూములకు పంపించేది, అక్క కూడా అంతే. మునిరత్నమ్మ భర్త టైలరు. కొడుకు దాము ఒక సెల్‌ఫోన్ అంగడిలో పనిచేసేవాడు. సుగుణక్క ఎత్తుకుని పెంచిన పిల్లవాడు.

సుగుణక్క వెబ్‌సైటు నేను మనసు పెట్టి చేశాను, అబద్ధం ఎందుకు. రూముల్లో ఏముందని అడిగితే, మంచాలు ఉన్నాయి, ఫ్యాన్లు ఉన్నాయి అని చెప్పింది. అవి అందరి దగ్గరా ఉన్నాయి. కాసేపు కూర్చుని చూశాను. పుట్టువెంట్రుకలు తీయించి పిల్లలను ఎత్తుకుని వచ్చినవాళ్లకు ఆమె అడక్కుండానే వేన్నీళ్లు కాచి ఇస్తోంది. ఏడ్చే పిల్లల గుండుకు తనే చందనం రాస్తోంది. అదే ఫోటో తీసి మొదటి పేజీలో పెట్టాను. గుండు చేయించుకున్న పిల్లలకు వేన్నీళ్లు మేమే కాచి ఇస్తాం అని కింద రాశాను, తమిళంలో, కన్నడంలో కూడా. ఆ వాక్యం ఆమె దశ మార్చింది. వేలూరు నుంచి, బళ్లారి నుంచి, ఎక్కడెక్కడి నుంచో తల్లులు ఫోన్లు చేశారు. 'నీ చేతిలో ఏదో ఉండాదప్పా' అని సుగుణక్క వీధిలో అందరికీ చెప్పుకునేది. నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వమే తర్వాత నన్ను కాటేసింది.

ఒకసారి ఆమె అడిగింది, సైటులో తన నంబరు కింద అక్క నంబరు కూడా వేయమని. నేను వద్దన్నాను. నీ గిరాకీని నువ్వే పంచిపెట్టుకుంటావా అని పాఠం చెప్పాను. ఆమె సరేనంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు, ఎండాకాలం సెలవులు మొదలయ్యే ముందు, ఫోను చేసి 'ఆ పాస్‌వర్డ్ ఏందప్పా, ఒకసారి చెప్పు' అంది. ఎందుకని నేను అడగలేదు. చెప్పాను. చెప్పిన తర్వాత అనుమానం మొదలైంది. ఎందుకు అడిగింది? ఎవరు అడగమన్నారు? సాయంత్రం ఆ వీధిలో పనేమీ లేకపోయినా అటు పోయాను. వరండాలో సుగుణక్క, దాము పక్కపక్కన కూర్చుని ఫోనులోకి చూస్తున్నారు. నన్ను చూడగానే దాము లేచి నిలబడి ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇప్పుడు తెలుస్తోంది, పెద్దవాడు వచ్చాడని మర్యాదకు లేచాడు, అంతే. అప్పుడు నాకు అలా కనిపించలేదు. దాచేశాడు అనిపించింది. సెల్‌ఫోన్ అంగడిలో నాలుగు ముక్కలు నేర్చుకుని నా కష్టాన్ని ఎగరేసుకుపోతున్నాడు అనిపించింది. ఈమె నా ముందు నవ్వుతూనే నా మెడ కోస్తోంది అనిపించింది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు.

నేరుగా ఆఫీసుకు వచ్చి కూర్చున్నాను. మ్యాపులో ఆమె రూముల పేజీ తెరిచాను, సైటుకూ దానికీ ఒకటే పాస్‌వర్డ్. వ్యాపారం ఇక లేదని తెలియజేయడానికి అక్కడ ఒక గడి ఉంటుంది. దాన్ని నొక్కాను. ఆమె పేరు కింద ఎర్ర అక్షరాలు వచ్చాయి, శాశ్వతంగా మూసివేయబడింది అని.

ఎందుకు చేశాను? ఎన్నిసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నానో. ఆమెను ముంచాలని కాదు. రెండు రోజులు ఫోను మోగకపోతే నా విలువ తెలిసొస్తుంది, పరిగెత్తుకుంటూ నా దగ్గరికే వస్తుంది, అప్పుడు సరిచేద్దాం అనుకున్నాను. ఇది కూడా ఇప్పుడు నన్ను నేను కాపాడుకోవడానికి చెప్పుకుంటున్న మాటేనా? కావచ్చు. ఎందుకంటే రెండు రోజులైనా ఆమె రాలేదు, నేనూ సరిచేయలేదు. అయితే దాము మీదే నమ్మకం పెట్టుకుందన్నమాట, చూద్దాం ఎన్నాళ్లో అని పళ్లు బిగించాను. పంతం అంటే ఏమిటో నన్ను చూసి నేర్చుకోవాలి.

నాకు తర్వాత తెలిసింది, ఆ రోజుల్లో ఆమె ఫోను చెడిపోయిందనుకుని బాగుచేయించుకుంది. దిష్టి తగిలిందని వాకిట్లో గుమ్మడికాయ కొట్టింది. దాముకు కూడా ఏమీ చెప్పలేదట, గిరాకీ లేదని చెప్పుకోవడానికి సిగ్గుపడి. ఊరంతా యాత్రికులతో కిటకిటలాడుతుంటే ఆమె మిద్దె మీద చాపలు చుట్టి పెట్టి ఉన్నాయి. పక్కింట్లో మాత్రం మునిరత్నమ్మ రూములు నిండిపోయాయి. మ్యాపులో ఆ వీధికి వచ్చి, మొదటిది మూసేశారని చూసి, పక్కది చూసుకున్నారు జనం. అందులో వింతేముంది? కానీ సుగుణక్క ఇంట్లోంచి చూసేవాళ్లకు అక్కే గిరాకీ లాక్కున్నట్టు కనిపిస్తుంది. అది ముందే ఊహించి చేశానా అంటే లేదు. తెలిశాక ఆపానా అంటే, అదీ లేదు.

చివరికి వచ్చింది. మెట్లెక్కిన ఆయాసంతో తలుపు పట్టుకుని నిలబడింది. ఆ రోజు మేం మాట్లాడుకున్న ఒక్క మాట కూడా మరిచిపోలేదు.

"మా రూములు మూసేసినామని చూపిస్తా ఉండాదంటప్పా. పక్కింట్లో దిగిన వేలూరోళ్లు చెప్పినారు. నేను ఈడ బతికే ఉండానే."

నేను కంప్యూటరు వైపు తిరిగి, అప్పుడే చూస్తున్నట్టు చూశాను. "అవునక్కా. మూసేసినట్టు పెట్టినారు ఎవరో."

"ఎవురు పెడతారు అట్ల?"

"పాస్‌వర్డ్ తెలిసినోళ్లు ఎవరైనా పెట్టొచ్చు."

"నీకు తెలుసు, నాకు తెలుసు." అక్కడ ఆగింది.

"ఇంకెవరికైనా చెప్పినావా అక్కా?"

ఆమె కుర్చీ లాక్కుని నెమ్మదిగా కూర్చుంది. "దాముకు చెప్పినాను," అంది. కొంగుతో చెమట తుడుచుకుని మళ్లీ, "వాడు నా చేతుల్లో పెరిగినోడప్పా," అంది.

"నేను ఎవరి పేరూ చెప్పలేదక్కా," అన్నాను.

చూశారా, ఎంత జాగ్రత్తగా మాట్లాడానో. వెతికి చూడండి, అందులో ఒక్క అబద్ధం దొరకదు. ఇన్నేళ్లూ ఈ ఒక్క తాడు పట్టుకునే వేలాడాను, నేను అబద్ధం చెప్పలేదు, ఊరికే ఒక ప్రశ్న అడిగాను అని. కానీ ఆ ప్రశ్న అడిగేటప్పుడు జవాబు నాకు తెలుసు. ఆమె నోటితో ఆ పేరు పలికించాలనే అడిగాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టే ఇదీ. ఇంతకంటే పచ్చి అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. అబద్ధమైతే ఎప్పుడో ఒకనాడు బయటపడుతుంది.

నిమిషంలో సరిచేశాను. ఆ సాయంత్రానికే ఆమె ఫోను మోగడం మొదలైంది. చేతులెత్తి దండం పెట్టింది నాకు. నేను వద్దనలేదు.

తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. తోడికోడళ్లు మాటా మాటా అనుకున్నారు. సుగుణక్క గోడలోని వాకిలికి అడ్డంగా ఇనుప బీరువా జరిపించింది. వీధిలో కొందరు ఈమె వైపు, కొందరు ఆమె వైపు. నిప్పు లేనిదే పొగ రాదు అన్నవాళ్లే ఎక్కువ. అప్పుడు మునిరత్నమ్మే అంది, 'కాణిపాకం పోదాం పా. ఆడ సెప్తా' అని.

మా వైపు ఇలాంటి తగాదాలకు ఆఖరి మెట్టు కాణిపాకం వినాయకుడే. తలస్నానం చేసి, తడిబట్టలతో ఆ స్వామి ఎదుట ప్రమాణం చేస్తే ఇక ఎవరూ మాట్లాడకూడదు. అబద్ధపు ప్రమాణం చేసినవాళ్లను స్వామి ఊరికే వదలడని నమ్మకం. కోర్టుకు పోవడానికి భయపడని మొండివాళ్లు కూడా అక్కడ ప్రమాణం అంటే వెనక్కి తగ్గుతారు.

సంగతి తెలిసినవాడు ఒకడు ఉండాలని నన్ను కూడా వ్యానులో ఎక్కించారు. ముందు సీట్లో సుగుణక్క. వెనక మునిరత్నమ్మ, ఆమె భర్త. మధ్యలో నేనూ, దామూ. కాణిపాకంలో దిగాక, ఆడవాళ్లు స్నానానికి పోయినప్పుడు, దాము నా పక్కకు వచ్చి నెమ్మదిగా చెప్పాడు. చిన్నమ్మ పాస్‌వర్డ్ ఎందుకు ఇచ్చిందో తెలుసా అన్నాడు. వాళ్లమ్మ నంబరు కూడా సైటులో పెట్టమని ఇచ్చిందట. నేను వద్దన్నానని, నా మనసు నొప్పించకుండా గుట్టుగా వాడితో పెట్టించుకుందామనుకుందట. అదీ సంగతి. నా దగ్గర నుంచి పోవాలని ఎవరూ అనుకోలేదు. అక్కకు నాలుగు ముద్దలు ఎక్కువ దొరకాలని ఒక ఆడమనిషి ఆశపడింది, అంతే. చెబుతున్నంతసేపూ దాము నా ముఖమే చూస్తున్నాడు. వీడికి తెలుసా? తెలిసే చెబుతున్నాడా? నేను చూపు తిప్పుకున్నాను.

ప్రమాణం దాము చేయాలన్నారు, వీధిలోంచి ఇంకో బండిలో వచ్చిన సుగుణక్క వైపువాళ్లు. వాడు సిద్ధంగానే ఉన్నాడు. మునిరత్నమ్మ వాడి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. 'నా బిడ్డ మీద నాకు నమ్మకం ఉండాది. వాని బదులు నేనే సేస్తా' అంది. జుట్టులోంచి నీళ్లు కారుతుండగా స్వామి ఎదుట నిలబడి, ఈ పని నేను గానీ నా ఇంటోళ్లు గానీ చెయ్యలేదు, చేసి ఉంటే నా ఇల్లు సల్లగా ఉండకూడదు అని గట్టిగా చెప్పింది. నేను రెండు అడుగుల దూరంలో ఉన్నాను. ఒక్క మాట చాలు. అక్కా ఆగు, చేసింది నేను, అంటే అయిపోయేది. అనలేదు. నన్నెవరూ ప్రమాణం చెయ్యమని అడగలేదు. ఇంతమందిలో ఒక్కరికైనా నా మీద అనుమానం రాలేదేమిటి అని ఆ క్షణంలో నాకు ఒక రకమైన కోపం కూడా వచ్చింది. పాస్‌వర్డ్ తెలిసిన మూడోవాడిని అక్కడే పెట్టుకుని, వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. తీర్థం ఇస్తే చెయ్యి చాచి తీసుకున్నాను. తాగాను.

ప్రమాణంతో గొడవ సద్దుమణిగింది. సుగుణక్క బీరువా పక్కకు జరిపిస్తానని కూడా అంది. ఇంకేముంది, అంతా సర్దుకుంటుంది, నేను బయటపడ్డాను అనుకున్నాను.

ఆ వానాకాలంలోనే మునిరత్నమ్మ భర్తకు పక్షవాతం వచ్చింది. మిషను ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. ఆయనకు బీపీ ఎప్పటినుంచో ఉంది. బీడీలు మానమని డాక్టరు చెప్పినా వినలేదు. ఇవన్నీ వీధిలో అందరికీ తెలుసు. కానీ అందరూ అన్నది ఒకటే. చూశారా, స్వామి సత్యం చూపించాడు అన్నారు. బీరువా జరపలేదు.

మునిరత్నమ్మ సంగతి వేరు. తను చెయ్యలేదని ఆమెకు తెలుసు. భర్త చెయ్యలేదని తెలుసు, ఆయనకు ఫోను ఎత్తడమే సరిగ్గా రాదు. స్వామి అబద్ధం ఆడడు. మరి ఇల్లు ఎందుకు చల్లగా లేదు? అయితే మిగిలింది ఒక్కడే. అందరి ముందూ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగిన కొడుకునే ఆమె అనుమానించింది. మొదట మెల్లగా అడిగిందట. వాడు లేదన్నాడు. మళ్లీ అడిగింది. నాయనకు మందులు వేస్తున్నప్పుడు అడిగింది, అన్నం పెడుతూ అడిగింది. ఒప్పుకుంటే స్వామికి ముడుపు కట్టి క్షమాపణ అడుగుదాం, నాయనకు నయమవుతుంది, ఒప్పుకో అని బతిమాలింది. ఏం ఒప్పుకుంటాడు వాడు? ఒకరోజు బట్టలు సర్దుకుని పలమనేరు వెళ్లిపోయాడు. అక్కడ పాల కేంద్రంలో పనికి కుదిరాడు. పండక్కి బట్టలు పంపితే తల్లి అవి విప్పి చూడలేదని విన్నాను.

నాకేమైందో కూడా చెప్పాలి. నాకు మంచే జరిగింది. సుగుణక్క కనబడ్డవాళ్లందరికీ నా గురించి చెప్పింది. పోయిన వ్యాపారాన్ని నిలబెట్టినవాడు, ఇంటిదొంగను ఇట్టే పట్టేసినవాడు అని. ఆ కథ విని నా దగ్గరికి వచ్చిన పార్టీలే ఎక్కువ. మా ఇంట్లో తింటున్న అన్నంలో సగం ఆ కథ సంపాదించి పెట్టిందే. స్వామి నన్నెందుకు వదిలేశాడు? నేను ప్రమాణం చెయ్యలేదు కాబట్టా? అంత చిన్న లొసుగుతో తప్పించుకోవచ్చా ఆయన దగ్గర? నా పిల్లలకు జ్వరం వచ్చిన ప్రతిసారీ, ఇదిగో ఇప్పుడు మొదలైంది అనుకునేవాణ్ణి. జ్వరం తగ్గిపోయేది. తగ్గినప్పుడు కూడా సంతోషం ఉండేది కాదు, ఇంకా పెద్దది దాచి పెట్టాడేమో అని అనుమానం.

ఈ మధ్య సుగుణక్క ఒక కొత్త పార్టీని వెంటబెట్టుకుని వచ్చింది, హోటలు పెట్టుకుంటున్న అమ్మాయి. నా ఎదురుగానే ఆ కథ మొత్తం చెప్పి, 'మా బావగారి కొడుకేమ్మా, ఇంగ ఎవురిని నమ్మేది?' అని నా వైపు తిరిగింది, సాక్ష్యం చెప్పమన్నట్టు. నేను తలూపాను. అదివరకు ఎప్పుడూ నోరు మూసుకుని ఊరుకున్నాను కానీ, అవునని తలూపడం అదే మొదలు. వాళ్లు వెళ్లిపోయాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ వారమే పలమనేరు బస్సెక్కాను.

దాము పాలకేంద్రం బయట నిలబడి విన్నాడు. నేను అంతా చెప్పాను, ఎర్ర అక్షరాల నుంచి తీర్థం దాకా. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. 'అనుమానం ఉండిందబ్బా నాకు. సెప్తే ఎవురు నమ్ముతారు? తప్పించుకునేదానికి ఇంగొకరి మీద తోస్తా ఉండాడనే అంటారు' అన్నాడు. కాసేపు రోడ్డు వైపు చూసి, 'మా అమ్మకు సెప్పు. ఇంకేమొద్దు. మా అమ్మకు సెప్పు' అన్నాడు. లోపలికి వెళ్లిపోయాడు.

మరుసటి రోజే మునిరత్నమ్మ ఇంటికి పోయాను. బాగా ముసలిదైపోయింది. నన్ను చూసి సంతోషపడి, కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. భర్త వరండాలో మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. ఈ రోజు ఒక్క అబద్ధం కూడా చెప్పకూడదని గట్టిగా అనుకుని వెళ్లాను. చెప్పాను. నీ కొడుకు కాదక్కా, నేను, అన్నాను. ఏ రోజు, ఎందుకు, ఎలా, అన్నీ చెప్పాను. ఆమె మధ్యలో అడ్డు రాలేదు. నేను ఆపిన తర్వాత మజ్జిగ గ్లాసు నా చేతిలోంచి తీసుకుని కింద పెట్టింది.

"దాము పంపినాడా నిన్ను?"

అబద్ధం చెప్పకూడదనుకున్నాను కదా. "వాడే చెప్పమన్నాడక్కా. కానీ జరిగింది మాత్రం..."

"సాలు నాయనా." చెయ్యి అడ్డం పెట్టింది. "వాడు నీ కాళ్లు పట్టుకోనుంటాడు. నువ్వు మంచోడివి, పోనీలే అనుకోనుంటావు. వాడు సేసింది సాలక, పరాయోళ్ల నెత్తిన కూడా రుద్దుతా ఉండాడే."

"కాదక్కా. నా మాట నమ్ము. కాణిపాకం పోదాం పా, నేను ప్రమాణం చేస్తాను. ఇప్పుడే పోదాం."

ఆమె కంగారుగా లేచి వచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టినంత పని చేసింది. "వద్దప్పా, వద్దు. ఆ మాట అనొద్దు. లేని తప్పు ఉండాదని సేసినా అబద్ధపు ప్రమాణమే కదా. నేను వాని కోసం సేసినాను, ఏమయిందో సూస్తా ఉండావు కదా. నీకు పిల్లోళ్లు ఉండారు నాయనా. గమ్మునుండు."

మంచం మీద ఆయన గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఎడమ చెయ్యి ఎత్తి నా వైపు చూపిస్తున్నాడు, ఆమె వైపు చూపిస్తున్నాడు, మళ్లీ నా వైపు. ఆయన కళ్లు చూశాను. ఆయన నమ్మాడు. ఆ ఇంట్లో నన్ను నమ్మింది ఆయన ఒక్కడే. ఆమె పోయి నీళ్ల గ్లాసు తెచ్చి ఆయన నోటికి అందించింది, దాహమేస్తోందనుకుని. ఆయన తల అటూ ఇటూ తిప్పాడు. నీళ్లు చొక్కా మీద పడ్డాయి. ఆమె కొంగుతో తుడిచింది.

నేను లేచి వచ్చేశాను. సాయంత్రం దాము ఫోను చేశాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. వాడు సరేలే అన్నాడు, పెట్టేశాడు. సుగుణక్కకు ఇంకా చెప్పలేదు. చెబుతాను. ఆమె కూడా నమ్మకపోవచ్చు. దాము మీద జాలితో అంటున్నానని ఇంకా పొగడవచ్చు. అయినా చెబుతాను.

ఎవరూ నన్ను క్షమించాలని ఇది రాయలేదు. అడగడానికి నాకు ముఖం లేదు. మీకు దాము తెలియదు, వాడు నన్ను పంపాడని అనుకునే అవసరం మీకు లేదు. అందుకే మీకు చెబుతున్నాను. సుగుణక్క రూములు మూసేశారని పెట్టింది నేను. ఆ పిల్లవాడు కాదు.